మట్టిదారి నుంచి తారు రోడ్డెక్కేవారికి: సైక్లింగ్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి ఎంటీబీ (కొండదారుల, మట్టిబాటల సైకిల్) తొక్కి, ఇప్పుడు మొదటి రోడ్ సైకిల్ కొనబోతున్నవారివే. కొత్తవాళ్లకు చెప్పే సలహాలు వీరికి అక్కర్లేదు. వీరికి సైకిల్ బాగా తెలుసు. చిక్కల్లా తెలిసిన అంకెలతోనే వస్తోంది. ఫ్రేము రీచ్, టైరులో గాలి, గేరు పళ్ల లెక్క... పేర్లు రెండు సైకిళ్లకూ ఒకటే అయినా, ఒకదాని అంకెను రెండోదానికి పట్టుకెళితే డబ్బు నష్టం, ఒంటికి నొప్పి.

ఆరేళ్లుగా హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న ఎంటీబీ) తొక్కుతున్నాను. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. నా ఎంటీబీ ఫ్రేము రీచ్ 460 మి.మీ. రోడ్ సైకిళ్ల పట్టికల్లో నా ఎత్తుకి చూపించే 54 సైజులో రీచ్ 380 దగ్గరే ఉంది. అది నాకు చిన్నదైపోదా? ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సైకిల్ ట్రాక్ మీద సాధన చేసి, ఏడాదిలోపు 200 కి.మీ. బ్రెవే (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్ర) పూర్తి చెయ్యాలని ఉంది. ఏమేం చూసి కొనాలి? (హైదరాబాద్)

చిన్నదైపోదు. ఎంటీబీ నుంచి వచ్చేవారు ఒక సైజు పెద్దది కొనేసి, మెడ నొప్పితో ఆరు నెలల్లో అమ్ముకునేది సరిగ్గా ఈ 80 మిల్లీమీటర్ల తేడా చూసి కంగారుపడే.

రీచ్ అంటే బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) నడిమధ్య నుంచి హెడ్ ట్యూబ్ (ఫోర్కు దూరే ముందు గొట్టం) పైకొస దాకా ఉండే అడ్డపు దూరం. ఫ్రేము అక్కడితో ఆగుతుంది, మీ చేతులు ఆగవు. ఎంటీబీలో దాని ముందు హ్యాండిల్‌ని పట్టి ఉంచే 45 మి.మీ. స్టెమ్ ఉంటుంది, ఆ తర్వాత నేరుగా హ్యాండిల్. అంటే సుమారు 505. రోడ్ సైకిల్లో 380కి 100 మి.మీ. స్టెమ్ కలపండి, హ్యాండిల్ ముందుకు వంగే 75 మి.మీ. కూడా కలపండి: 555. చేతులు ఎక్కువసేపు ఉండేది ఆ చివర, బ్రేకు హుడ్స్ (లీవర్ల మీది రబ్బరు తొడుగులు) మీద. అంటే కాగితం మీద పొట్టిగా కనిపించే సైకిలే మిమ్మల్ని 5 సెంటీమీటర్లు ఎక్కువ సాగదీస్తోంది. పైగా హ్యాండిల్ కూడా ఎంటీబీ కంటే కిందికి ఉంటుంది. 56కి వెళితే ఇంకా సాగుతారు. మీ ఎత్తుకి 54తోనే మొదలుపెట్టండి. కాళ్లు పొడవై మొండెం పొట్టి అయితే, 54లోనే స్టాక్ (బాటమ్ బ్రాకెట్ నుంచి హెడ్ ట్యూబ్ పైకొస దాకా నిలువు ఎత్తు) ఎక్కువున్న ఫ్రేము చూడండి.

స్టాక్‌ని రీచ్‌తో భాగించండి. 1.5 దగ్గర గానీ, ఆపైన గానీ వస్తే అది ఎండ్యూరెన్స్ ఫ్రేము, అంటే కాస్త నిటారుగా కూర్చుని దూరం తొక్కేది. 1.4కి దగ్గరైతే రేసు ఫ్రేము. 200 కిలోమీటర్ల బ్రెవేకి గడువు 13 గంటల 30 నిమిషాలు. అంతసేపు వీపు వంచి కూర్చోవాలి కాబట్టి మొదటి సైకిల్‌గా రేసు ఫ్రేము కొనొద్దనే మా మాట.

తర్వాత చూడాల్సింది టైరుకి ఎంత చోటుందన్నది. ఓఆర్ఆర్ పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద పైకప్పుంది, నేల నునుపుగా ఉంటుంది. అక్కడ తొక్కి చూస్తే ఏ సైకిలైనా బాగానే అనిపిస్తుంది. బ్రెవే మాత్రం హైవే అంచుల మీద, ఊళ్ల మధ్య గతుకుల మీద సాగుతుంది. 32 మి.మీ. టైరు పట్టని ఫ్రేము మన రోడ్లకు వద్దు. 35 నుంచి 38 దాకా పట్టేవి చాలానే దొరుకుతున్నాయి. జెయింట్ కంటెండ్ ఏఆర్‌లో 38 పడుతుంది, స్పెషలైజ్డ్ అల్లే 2023 తర్వాతి డిస్క్ మోడల్లో 35 పడుతుంది. సస్పెన్షన్‌కి అలవాటుపడ్డ చేతులకు ఆ నాలుగైదు మిల్లీమీటర్ల గాలే దిక్కు. కార్బన్ ఫ్రేము కంటే లావు టైరే ఒంటికి ఎక్కువ సుఖం.

బ్రేకుల దగ్గర మీరు తప్పకుండా నిరాశపడతారు, ముందే తెలుసుకోండి. ఒక్క వేలితో హైడ్రాలిక్ బ్రేకు నొక్కడం అలవాటైన మీకు తీగతో లాగే మెకానికల్ డిస్క్ మొద్దుగా తోస్తుంది. షిమానో కంపెనీ రోడ్ గ్రూపుల్లో (గేర్లు, బ్రేకుల సెట్లలో) క్లారిస్ 8 స్పీడు, సోరా 9, టియాగ్రా 10, 105లో 11 లేదా 12. క్లారిస్, సోరాలకు హైడ్రాలిక్ లీవర్లు లేవు, అవి టియాగ్రా నుంచే మొదలు. బడ్జెట్ ఒక మెట్టు పైకి జరపగలిగితే ఆ డబ్బు తేలిక చక్రాల మీదో కార్బన్ మీదో కాకుండా దీని మీదే పెట్టండి. సోరా దగ్గరే ఆగాల్సివస్తే, నొక్కుకుపోని రకం బ్రేకు కేబుల్ హౌసింగ్ వేయించండి. లీవరు మెత్తదనం చాలావరకు పోతుంది.

ఇంకో రెండు సంగతులు కొట్లోనే తేల్చుకోండి. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) లోపలి నుంచి కేబుళ్లు పోయే ఫ్రేము మొదటి సైకిల్‌గా వద్దు. స్టెమ్ మార్చాలంటే కేబుళ్లన్నీ విప్పాల్సిరావచ్చు, మీరేమో మొదటి మూడు నెలల్లో స్టెమ్ ఒక్కసారైనా మారుస్తారు. రెండోది, ఫోర్కు స్టీరర్‌ని (స్టెమ్ బిగించే నిలువు గొట్టాన్ని) వెంటనే కొయ్యనివ్వకండి. స్టెమ్ కింద 30 మి.మీ. స్పేసర్లు (ఎత్తు సర్దే రింగులు) ఉంచి నాలుగైదు వారాలు తొక్కాక, ఒళ్లు అలవాటుపడిన కొద్దీ ఒక్కొక్క స్పేసర్‌నీ పైకి మార్చుకుంటూ రండి. కోసిన స్టీరర్ మళ్లీ పెరగదు.

మీ ఎంటీబీ నుంచి తెచ్చుకోదగ్గ కొలత ఒకటుంది: బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి సీటు పైదాకా ఎత్తు. డ్రాపర్ (మీటతో ఎత్తు మారే సీటు పోస్టు) పూర్తిగా లేపి, టేపుతో కొలవండి. క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) 175 మి.మీ. నుంచి 170కి మారితే సీటు 5 మి.మీ. లేపాలి. మీ పాత ఎత్తు సరైనదేనా అని అనుమానముంటే, చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య పుస్తకం గట్టిగా పైకి నొక్కి పట్టి, నేల నుంచి దాని పైఅంచు దాకా కొలిచి 0.883తో గుణించండి. కొలత 81 సెం.మీ. అయితే సీటు ఎత్తు 71.5 సెం.మీ. దగ్గర ఉండాలి. ఇక సీటును పట్టాల మీద ముందుకి తోసి రీచ్ తగ్గించుకోవడం చెయ్యకండి. కొత్త ఎంటీబీల్లో సీటు ట్యూబ్ నిటారుగా, 76 డిగ్రీల దగ్గర ఉంటుంది. రోడ్ సైకిల్లో 73, 74. ఆ పాత నిటారుతనం కోసం సీటు ముందుకి లాగితే బరువంతా అరచేతుల మీద పడుతుంది. రీచ్ ఎక్కువైతే స్టెమ్ మార్చాలి, సీటు కాదు.

రోడ్ సైకిల్‌కి మూడు బోల్టుల బూట్లు, కొత్త పెడళ్లు కొనాలా? నా దగ్గర ఎంటీబీ ఎస్‌పీడీ (రెండు బోల్టుల బిళ్లతో బూటుని పట్టే రకం) పెడళ్లు, బూట్లు ఉన్నాయి. (వరంగల్)

అక్కర్లేదు. పెడల్ మర అన్ని పెద్ద సైకిళ్లకూ 9/16 అంగుళమే. విప్పి బిగించుకోండి, ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుందన్నది మీకు తెలిసిందే. ఎంటీబీ బూట్లతో టీ కొట్టు దాకా నడవొచ్చు, పంక్చరైతే మైలు దూరం నడవొచ్చు. రేసులు మొదలెట్టాక, అడుగుపాదం ఒకేచోట మండుతోందంటే అప్పుడు ఆలోచించండి.

నా ఎంటీబీకి ముందు 32 పళ్లు, వెనక 10-51. ఎస్.కోట మీదుగా అరకు ఘాట్ ఎక్కడమే నా లక్ష్యం. కొట్లో 50/34 క్రాంక్ (ముందు రెండు పళ్ల చక్రాలు), 11-34 క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) చూపిస్తున్నారు. 51 పళ్ల నుంచి 34కి దిగితే ఎక్కగలనా? (విశాఖపట్నం)

భయం అర్థమవుతోంది, లెక్క వేసి చూద్దాం. మీ ఎంటీబీ అతి తేలిక గేరు 32ని 51తో భాగిస్తే 0.63. రోడ్ సైకిల్‌ది 34/34, అంటే 1. నిమిషానికి 70 తిప్పులు తొక్కితే 29 అంగుళాల ఎంటీబీ గంటకు 6 కి.మీ. పోతుంది, రోడ్ సైకిల్ 8.8 పోతుంది. అంటే ఎక్కుడులో మీరు ఆ 8.8కి తగ్గకుండా నెట్టగలగాలి, లేదా తిప్పులు తగ్గించుకోవాలి.

మీ బరువు 75 కిలోలు, సైకిల్, నీళ్లు, సామాను కలిపి 12 అనుకుందాం. 6 శాతం వాలులో గంటకు 8.8 కి.మీ. పోవడానికి సుమారు 140 వాట్లు చాలు. ఎంటీబీ మీద ఏళ్లుగా గుట్టలెక్కినవారికి ఇది గంటసేపు పట్టగలిగే శ్రమే. అదే 10 శాతం వాలైతే 220 వాట్లు కావాలి. అక్కడ చాలామందికి తిప్పులు 50కి పడిపోతాయి, మోకాళ్లు పట్టేస్తాయి. ఎస్.కోట దాటాక అనంతగిరి, గాలికొండ వైపు ఎక్కే దారి పొడవైనదే కానీ నిలువుగా లేచేది కాదు. ఓపిగ్గా తిప్పుకుంటూ పోతే 34/34తో పని జరుగుతుంది.

బరువు 85 దాటినా, మోకాలి నొప్పి పాతదైనా, సంచులు కట్టుకుని పోవాలనుకున్నా ఇంకో మెట్టు తేలిక గేరు పెట్టుకోండి. రెండు దార్లున్నాయి. 12 స్పీడు 105లో వెనక 11-36 క్యాసెట్ పడుతుంది. లేదా షిమానో జీఆర్ఎక్స్ (గ్రావెల్ సైకిళ్ల గ్రూపు) 46/30 క్రాంక్ ఉన్న సైకిల్ చూడండి. 30/34 అంటే 0.88, అదే 70 తిప్పులకు 7.8 కి.మీ. కానీ మామూలు రోడ్ సైకిల్‌కి ఈ క్రాంక్ ఒక్కటే తెచ్చి బిగిస్తే కుదరదు. జీఆర్ఎక్స్ చైన్‌లైన్ (చైను నడిచే వరస) 2.5 మి.మీ. బయటికి ఉంటుంది, ముందు డిరేలర్ (చైనుని ఒక చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) కూడా దానిదే వేయాలి. ఎంటీబీ వెనక డిరేలర్ తగిలిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. షిమానో 10 స్పీడు నుంచి రోడ్, ఎంటీబీ కేబుల్ లాగుడు వేరు. గేర్లు వరసలో పడవు.

ముందు ఒకే చైన్‌రింగ్‌కి (పళ్ల చక్రానికి) అలవాటుపడ్డవారు మర్చిపోయేది ఇంకోటుంది. ఎక్కుడు మొదలయ్యాక, పెడల్ మీద పూర్తి బరువుండగా 50 నుంచి 34కి దించితే చైను లోపలికి జారి ఫ్రేముని గీరుతుంది. వాలు కనిపించగానే ముందే దించండి. ఒక్క తిప్పు కాళ్లు వదులుగా తిప్పుతూ లీవరు నొక్కండి. అదే సమయంలో వెనక రెండు మెట్లు బరువు గేరుకి వేసుకుంటే కాళ్లు గాల్లో తిరగవు. మీటల వరస కూడా వేరే: కుడివైపు బ్రేకు లీవరునే లోపలికి తోస్తే పెద్ద పళ్ల చక్రానికి, దాని వెనకున్న చిన్న మీట నొక్కితే చిన్న చక్రానికి. బొటనవేలికి పనుండదు. ఊరి లోపల ఖాళీ రోడ్డు మీద చేతికి వచ్చేదాకా చేసి చూసుకుని ఘాట్‌కి వెళ్లండి.

నా ఎత్తు 157 సెం.మీ. ఎంటీబీ 'ఎస్' సైజు హాయిగా సరిపోయింది. రోడ్ సైకిల్ 'ఎస్' తొక్కి చూస్తే చేతులు బిగుసుకుపోయాయి, బ్రేకు లీవరు వేళ్లకు అందలేదు. కొట్టువాళ్లు అలవాటవుతుందంటున్నారు. (విజయవాడ)

అలవాటు కాదమ్మా. సైజే తప్పు. బ్రేకు అందకపోవడం అలవాటు చేసుకోవలసిన విషయం కాదు, అది ప్రమాదం. ఒక్కో కంపెనీ 'ఎస్' ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ అక్షరాన్ని పక్కనపెట్టి టాప్ ట్యూబ్ అడ్డపు కొలత చూడండి. మీకు 51 సెం.మీ. దగ్గర ఉండాలి, అది చాలా కంపెనీల్లో 'ఎక్స్ఎస్' లేదా 47, 48. హ్యాండిల్ వెడల్పు 38 సెం.మీ., స్టెమ్ 70 నుంచి 80 మి.మీ., క్రాంక్ 165. చిన్న సైజులకు కూడా 170 క్రాంక్ బిగించి అమ్ముతుంటారు. అడగండి, మార్చి ఇస్తేనే తీసుకోండి.

లీవరు దూరం తగ్గించడానికి చాలా లీవర్లలో చిన్న స్క్రూ ఉంటుంది. హుడ్ రబ్బరు ఒలిచి గానీ, లీవరు మొదట్లో గానీ వెతకండి. పావు తిప్పు చొప్పున లోపలికి తిప్పుతూ, డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపు) పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు లీవరుకి తగిలేలా చూసుకోండి. ఆ తర్వాత బ్రేకు ఎక్కడ పట్టుకుంటుందో మళ్లీ సరిచెయ్యాలి, లేకపోతే లీవరు హ్యాండిల్‌కి ఆనేసినా చక్రం ఆగదు.

చిన్న ఫ్రేముల్లో ఇంకో ఇబ్బంది: నెమ్మదిగా పోతూ పూర్తిగా మలుపు తిప్పితే బూటు ముందుభాగం ముందుచక్రానికి తగులుతుంది. ఎంటీబీలో ఇది దాదాపు ఉండదు. కొనేముందు బూట్లు వేసుకుని, పెడల్ ముందుకు పెట్టి, హ్యాండిల్ తిప్పి చూడండి. కొద్దిగా తగిలినా మామూలు వేగంలో ఇబ్బందుండదు, ఎందుకంటే అప్పుడు హ్యాండిల్ అంత తిరగదు. యూ టర్నుల్లో, గేటు దగ్గర తిప్పేటప్పుడు జాగ్రత్త. మడ్‌గార్డ్ బిగిస్తే ఆ చోటు ఇంకా తగ్గుతుందని గుర్తుంచుకోండి.

కొత్తది ఎందుకు, ఉన్న 29 అంగుళాల ఎంటీబీకే సన్న టైర్లు, వంపు హ్యాండిల్ వేస్తే రోడ్ సైకిల్ అయిపోదా? (కరీంనగర్)

టైర్ల వరకు మంచి ఆలోచన. 29 అంగుళాల రిమ్, రోడ్ సైకిళ్లకుండే 700సీ రిమ్ రెండిటి కొలతా 622 మిల్లీమీటర్లే కాబట్టి రోడ్ టైరు ఎక్కుతుంది. కానీ మీ రిమ్ లోపలి వెడల్పు 30 మి.మీ. ఉంటే 28, 32 టైర్లు ప్రమాదం. రిమ్ అంచులు రోడ్డుకి తగులుతాయి, టైరు సరిగా కూర్చోదు. 45 నుంచి 50 మి.మీ. నున్నటి టైర్లు వెయ్యండి, ముందు సస్పెన్షన్ లాక్ చెయ్యండి. అంతటితో చాలామందికి కోరిక తీరిపోతుంది.

హ్యాండిల్ మాత్రం మార్చకండి. ఎంటీబీ లీవర్లు 22.2 మి.మీ. గొట్టానికి చేసినవి, వంపు హ్యాండిల్ గొట్టం 23.8. లీవర్లు, షిఫ్టర్లు, డిరేలర్, కొన్నిసార్లు కాలిపర్లు కూడా మార్చాలి. అంతా చేశాక, పైన లెక్కవేసిన రీచ్ ప్రకారం ఫ్రేము ముందే పొడవు కాబట్టి హుడ్స్ చేతికందనంత దూరంలో ఉంటాయి. ఆ ఖర్చుకి పాత రోడ్ సైకిల్ వస్తుంది.

అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ వాడిన కార్బన్ రోడ్ సైకిళ్లు చవకగా దొరుకుతున్నాయి. ఎంటీబీ సంగతులు తెలుసు కానీ వీటిలో ఏం చూడాలో తెలియదు. (టెక్సాస్)

మొదట క్రాంక్ మీదున్న నంబరు చదవండి. షిమానో 2012 జూన్ నుంచి 2019 జూన్ వరకు తయారుచేసిన 11 స్పీడు అల్టెగ్రా, డ్యూరా-ఏస్ క్రాంకులు కొన్నిటిలో, అతికించిన రెండు ముక్కలు విడిపోయి విరిగే ప్రమాదముందని 2023 సెప్టెంబరులో రీకాల్ ప్రకటించారు. ఎఫ్‌సీ-6800, ఎఫ్‌సీ-ఆర్8000, ఎఫ్‌సీ-9000, ఎఫ్‌సీ-ఆర్9100 రకాలు ఆ జాబితాలో ఉన్నాయి. చవకగా కనిపించే పాత కార్బన్ సైకిళ్లలో చాలా వాటికి ఇవి ఉండొచ్చు. డీలరు దగ్గర తనిఖీ అయిందా, మార్చారా అని అడగండి. 105 క్రాంకులు అందులో లేవు.

తర్వాత ఫ్రేము. తడిగుడ్డతో తుడిచి, ఎండలో ఏటవాలుగా చూడండి. ఫోర్కు కాళ్లు, హెడ్ ట్యూబ్ కింద, సీటు పోస్టు బిగించే చోటు, చైను పక్కనున్న స్టే (వెనక చక్రం దాకా పోయే గొట్టం) ముఖ్యం. రంగు మీద గీత గోరుకి తగలకపోతే పరవాలేదు. గోరు దిగినా, నాణెంతో తట్టినప్పుడు ఆ చోట టక్కుమనకుండా బొద్దుగా మోగినా వదిలెయ్యండి. సీటు పోస్టు తీసి చూపించమనండి. రానంతగా పట్టేసిందంటే బేరం అక్కడితో ఆపండి.

చైన్ గేజ్ (చైను ఎంత శాతం సాగిందో కొలిచే పరికరం) పట్టుకెళ్లండి. 11, 12 స్పీడులో 0.5 దాటితే చైను మార్చాలి, 0.75 దాటితే క్యాసెట్ కూడా అరిగిందనే లెక్క. 11 స్పీడు మెకానికల్ షిఫ్టర్లలో వెనక గేరు కేబుల్ లీవరు లోపలే పోగులు విడిపోతుంది, గేర్లు ఎక్కడానికి మొరాయించడం దాని మొదటి గుర్తు. కేబుల్ చవక, తెగి లోపల ఇరుక్కుంటే తియ్యడం కష్టం. రిమ్ బ్రేకు సైకిలైతే రిమ్ పక్కగోడ మీద వేలు రాయండి, లోపలికి గిన్నెలా పల్లం పడితే చక్రం అయిపోయినట్టే. మీ ఎంటీబీ చక్రాలు దీనికి పనికొస్తాయని లెక్కలోకి తీసుకోకండి. ఎంటీబీల బూస్ట్ హబ్‌ల వెడల్పు ముందు 110, వెనక 148 మి.మీ., డిస్క్ రోడ్ ఫ్రేముకి 100, 142.

రోడ్ సైకిల్ కొని రెండు నెలలైంది. గంట తొక్కితే చిటికెనవేలు, ఉంగరంవేలు మొద్దుబారుతున్నాయి. దిగుడులో మలుపులంటే భయం, ఎంటీబీ మీద ఎన్నడూ లేదు. టైర్లు 28, గాలి 100 పీఎస్ఐ, బరువు 75. (తిరుపతి)

రెండిటికీ సగం కారణం ఆ 100. టైరు పక్కన రాసిన గరిష్ఠ అంకె దాకా కొట్టేసినట్టున్నారు. మీ బరువుకి 28 టైరులో ముందు 65, వెనక 70 పెట్టి చూడండి. 32కి మారితే ముందు 52, వెనక 56 దగ్గర. హుక్‌లెస్ (టైరుని పట్టే కొక్కెం అంచు లేని) రిమ్ అయితే 72.5 పీఎస్ఐ దాటనే కూడదు. గాలి మరీ గట్టిగా ఉంటే టైరు గతుకు మీద ఎగిరి పట్టు వదిలేస్తుంది. అది మీకు మలుపులో తెలుస్తోంది, అరచేతుల్లోనూ తెలుస్తోంది. ఎంటీబీ కోసం కొన్న వెడల్పు గొట్టం పంపు 60 దాటాక చాలా బరువుగా దిగుతుంది, దాని మీటరు కూడా నమ్మదగ్గది కాకపోవచ్చు. రోడ్ పంపు విడిగా కొనండి.

ఆ రెండు వేళ్లే మొద్దుబారుతున్నాయంటే అరచేతి చిటికెనవేలి వైపు మడమ దగ్గర నరం నలుగుతోందని అర్థం. సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి. కొండెక్కడం కోసం ఎంటీబీలో చాలామంది అలా పెట్టుకుంటారు. ఇక్కడ దాన్ని మట్టంగా చెయ్యండి. హుడ్స్ చివర పైకి మరీ లేచి ఉంటే మణికట్టు విరిచినట్టవుతుంది, హ్యాండిల్ టేపు విప్పి హుడ్స్‌ని ముంజేయితో ఒకే వరసలోకి తిప్పించండి. మోచేతులు కొద్దిగా వంచి ఉంచండి. పది నిమిషాలకోసారి హుడ్స్ నుంచి పైకి, పైనుంచి డ్రాప్స్‌కి చేతులు మార్చండి. ఇవన్నీ చేశాకా మూడు వారాల్లో తగ్గకపోయినా, తొక్కనప్పుడు కూడా మొద్దుబారుతున్నా డాక్టరుకి చూపించండి.

దిగుడు సంగతి. ఎంటీబీ మీద మలుపులో సైకిల్‌ని పక్కకి వంచి, ఒంటిని నిటారుగా ఉంచుతారు. తారు మీద ఒళ్లు, సైకిల్ కలిసి వాలాలి. బయటివైపు కాలు కిందికి దించి బరువంతా దాని మీద పెట్టండి. చేతులు డ్రాప్స్‌లో ఉండాలి, అక్కడ లీవరు మీద పట్టు ఎక్కువ, బరువు కిందికి దిగుతుంది. తుంటిని సీటు వెనక్కి వేలాడదీయకండి. నిటారు దిగుడు బండల మీద అది కాపాడుతుంది, రోడ్డు మలుపులో మాత్రం ముందు టైరు మీద బరువు తీసేసి పట్టు పోగొడుతుంది. వేగం మలుపుకి ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే తగ్గించాలి, ముందు బ్రేకు ఎక్కువ, వెనకది తక్కువ. వెనక చక్రం జార్చి తిప్పే అలవాటుంటే పూర్తిగా మానెయ్యండి. మట్టిలో జారిన టైరు మళ్లీ పట్టుకుంటుంది, తారు మీద నున్నటి టైరు ఒకసారి జారితే తిరిగి దొరకదు. మలుపు లోపలి అంచున చేరే సన్న కంకర, ఇసుక మీకు ఇంతకుముందు లెక్కలోనివి కావు. ఇప్పుడు వెతికి వెతికి చూడాల్సినవి అవే.

పొడవాటి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు ఆపకుండా లాగి పట్టుకోకండి. మీ ఎంటీబీ డిస్కు 180 మి.మీ. అయితే ఇక్కడ 160, కొన్నిటికి 140యే. ముందు 140 ఉంటే, ఫోర్కు అనుమతిస్తే 160కి మార్పించండి. మలుపుకి ముందు గట్టిగా పట్టి, ఆ తర్వాత పూర్తిగా వదిలి డిస్కుని చల్లారనివ్వండి.